మంట గాచిన డప్పు, మూత విప్పిన పెట్టె

నిజామాబాదు పట్టణమున ఆషాఢమాసమందు ఊరపండుగ జరుగును. ఆకాశము ముసురుపట్టి, కాలువగట్లు నాని, గాలియంతయు నీటియావిరితో బరువెక్కియుండు ఆ దినములలో, గ్రామదేవతల ఊరేగింపు కదలుటకు ముందు డప్పులవారు చేయు మొదటిపని వాయించుట కాదు, వినుట. గుప్పెడు ఎండుగడ్డి పోగుచేసి నిప్పంటించి, డప్పును ఆ సెగమీద త్రిప్పుచు, ఒకమారు వేలితో తట్టి చెవియొగ్గి, మరల సెగకు చూపి మరల తట్టి, తన చేతిలోని చర్మము ప్రక్కవాని చేతిలోని చర్మముతో మాట కలుపుదాక ఆ మనుష్యుడు అచ్చటినుండి కదలడు. తొందరలోనున్నవారికి అది కాలయాపనముగా తోచవచ్చును; కాని వాద్యచరిత్రలో మిక్కిలి ప్రాచీనమైన యొక హక్కును అతడు ఆ మంటకడ కూర్చుండి చెల్లించుకొనుచున్నాడు. వాద్యము శ్రుతి వాయించువాని చేతిలో నుండవలెననునదియే ఆ హక్కు. గడచిన శతాబ్దమున విద్యుత్తుతో పలుకు తాళపుపెట్టెలు వచ్చినప్పు డది చాలవరకు చేజారెను. ఆ పెట్టెల మరలు విప్పి దానిని తిరిగి తెచ్చుకొన్నవారి పనికిని, ఇందూరుసీమలోని డప్పుమంటకును గల చుట్టరికమును వివరించుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టినది.

ముందుగా సీమ మాట. బోధనే పూర్వపు పోదనమనియు, అశ్మక జనపదమునకు అదియే రాజధానియనియు చరిత్రకారులనేకులు చెప్పుదురు. నిజామాబాదునకు పాతపేరు ఇందూరు. రైలుమార్గము వచ్చిన కొలది సంవత్సరములకు, 1905లో, ఇప్పటి పేరు స్థిరపడినది. అయినను ఈ సీమ రూపురేఖలను మార్చినది రాజధాని కాదు, రైలును కాదు, నీరు. ఆలీ నవాజ్ జంగు బహదూరు ఇంజనీరుగా నుండగా మంజీరానదిమీద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము కాలువలు పారిన మేర వరియు చెరకును వ్యాపించెను. ఆ చెరకు నాధారము చేసికొని 1937లో బోధనున నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. ఒకానొకప్పుడు ఆసియాఖండములోనే మిక్కిలి పెద్దదని పేరొందిన ఆ మిల్లు చుట్టు పుట్టిన వాడకు శక్కర్‌నగరమని పేరు.

నీరున్నచోటికి జనము వచ్చుట లోకసహజము. సర్కారుజిల్లాలనుండి వచ్చి కాలువల క్రింద భూములు కొని స్థిరపడిన రైతుల ఊళ్లు నేటికిని ఇచ్చట ‘క్యాంపు’లనియే పిలువబడుచున్నవి. పడమట నాందేడు సరిహద్దు దగ్గరగుటచేత మరాఠీ, నిజాము ప్రభుత్వపు వాడుకచేత ఉర్దూ, పల్లెలనిండ తెలంగాణపు తెలుగు, క్యాంపులలో కోస్తా తెలుగు ఒక సంతలో వినవచ్చెడివి. భాషలు కూడినచోట వాద్యములును కూడును. జాతరకు డప్పు, చిందుభాగవతమునకు మద్దెల, బుర్రకథకు గుమ్మెటలు, హరికథకు మృదంగము, భజనకు ఢోలకు, ఖవ్వాలీకి తబలా. వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క తెరగున శ్రుతికి వచ్చును. ఆ తెరగులను వరుసగా చూచినచో మనుష్యుడు చర్మముతో సంధిచేసికొనిన చరిత్రయంతయు కండ్లకు గట్టును.

డప్పున కున్నది ఒకటే మూత. కొయ్యచట్రమునకు బిగించిన తోలు. దానిని బిగించుటకు మర లేదు, సడలించుటకు త్రాడు లేదు. తోలు తేమను పీల్చిన సాగును, ఆరిన ముడుచుకొనును. కనుక దాని శ్రుతికీలు నిప్పే. కుడిచేతి సిర్రయు ఎడమచేతి చిటికెనపుల్లయు ఎంత చాకచక్యముతో ఆడినను, చల్లబడిన డప్పు పెండ్లిదరువును చావుదరువు చేయుననుట వాయించువాని కెరుకే. వాన తుంపరలో ఊరేగింపు వీథి కొక మంట వెదకుకొనుట ఇందువలననే.

ఢోలకున కిరుప్రక్కల మూతలున్నవి; వానిని కలుపు త్రాళ్లకు ఇత్తడి కడియములు దొడిగియుందురు. కడియము నిటు జరిపిన బిగువు, అటు జరిపిన సడలు. తబలా మరియొక మెట్టు పైది. కుడి తబలాచుట్టు తోలుపట్టెలకును కొయ్యకును నడుమ గట్టాలనబడు ఎనిమిది కొయ్యదిమ్మలుండును. చిన్న సుత్తెతో గట్టాను క్రిందికి తట్టిన శ్రుతి పెరుగును, పైకి తట్టిన తగ్గును. అంతటితో తృప్తిపడక తబలావాదకుడు అంచునున్న అల్లికను పదునారుచోట్ల తట్టి వినును. ఏలయన ఒక్కచోట సడలినను మూతయంతయు కల్లలాడును. ఎడమచేతి డగ్గా సంగతి వేరు: మణికట్టు అడుగుభాగముతో తోలునొత్తి, వాయించుచుండగనే దాని శ్రుతిని ఎత్తింపవచ్చును, జార్పవచ్చును. మృదంగములో కుడిమూతకు రాతితోను కొయ్యతోను అంచు తట్టి శ్రుతి కలుపుదురు; ఎడమమూతకు తడిపిన రవ్వముద్ద అంటించి, చిటికెడు చేర్చుచు చిటికెడు తీయుచు మంద్రమును కుదుర్చుదురు. కచేరీ ముగిసినతోడనే ఆ ముద్దను గోకి పారవేయుదురు. రేపటి శ్రుతి రేపటిది.

కుడిమూత నడుమనున్న నల్లని బొట్టు, కరణి యనబడునది, ఈ కథలో అన్నిటికంటె విచిత్రమైనది. చర్మమునకు స్వభావముచేత స్వచ్ఛమైన స్వరము లేదు. కొట్టినప్పుడు పుట్టు అనేకకంపనములు ఒండొంటితో పొత్తు కుదురక వట్టి చప్పుడగును. లోహపుపొడియు అన్నపుముద్దయు కలిపి నూరి, పొరమీద పొరగా పూసి, పొరపొరకును రాతితో రుద్ది నునుపుచేసిన ఆ బొట్టు, మూత నడిమిబరువును పెంచి, కలహించు కంపనములను అనుస్వరముల వరుసలోనికి తెచ్చును. సర్ సి. వి. రామన్ 1920లో శివకాళీకుమార్‌తో కూడి ఈ విషయమును ‘నేచర్’ పత్రికలో ప్రకటించి, 1934లో మరింత విపులముగ వ్రాసెను. మూతయొక్క మొదటి తొమ్మిది కంపనరీతులు అయిదు అనుస్వరములుగా గుమికూడుచున్నవని ఆయన నిరూపించెను. రామన్ గణితముతో కనుగొనిన దానిని పేరుతెలియని తోలుపనివారు ఎన్ని తరములకు పూర్వమో బొటనవ్రేలితో కనుగొనియుండిరి.

వీరిని గూర్చి చెప్పునప్పుడు చిందువారిని తలపకపోవుట దోషము. మాదిగలనాశ్రయించి, వారికి జాంబపురాణము వినిపించుచు, ఊరూర యక్షగానములాడుచు బ్రతికిన ఈ కళాకారులు స్త్రీపాత్రలను స్త్రీలచేతనే ఆడించిరి; ఈ సీమనుండియే చిందుల ఎల్లమ్మ ఆ కళకు రాష్ట్రమంతట పేరు తెచ్చెను. డప్పుతోలును పదునుచేసినవారును, చిందుమద్దెల కెదుట పురాణము విన్నవారును ఒకే కులమువారు. తోలు వారిది, చెవి వారిది, వాద్యమును వారిది. అయినను శాస్త్రగ్రంథములలో వారికి దొరికిన చోటు స్వల్పము. శ్రుతినిగూర్చి పండితులు వ్రాసిన దానిలో వీణకు అధ్యాయములు, డప్పునకు వాక్యము.

ఇక రెండవ కథ. నిజాంసాగరము ముగిసిన 1931 సంవత్సరముననే, అమెరికాలో హెన్రీ కావెల్ అను స్వరకర్త కోరికపై లియోన్ థెరిమిన్ ‘రిథ్మికాన్’ అను యంత్రమును నిర్మించి ముగించెను. దానిలో ఒక్కొక్క మెట్టును నొక్కిన ఒక్కొక్క అనుస్వరము పలికెడిది. ఆ స్వరము మూలస్వరమున కెన్నిరెట్లో, దాని దరువును అన్నిరెట్ల వేగముతో నడిచెడిది. శ్రుతియు లయయు ఒకే సంఖ్యకు రెండు ముఖములని ఆ యంత్రము చాటిచెప్పెను. కాని అది బజారునకు రాలేదు. బజారునకు వచ్చినది 1959లో వుర్లిట్జర్ సంస్థ అమ్మిన ‘సైడ్‌మాన్’. దాని లోపల ఒక చక్రము తిరుగుచు, తీగెలనంటుచు, వాల్వులచే దరువులు పలికించెడిది. ఇంటిలో ఆర్గన్ వాయించుకొనువారికి తోడుగా కూర్చుండుటయే దాని ప్రయోజనము. తోడువచ్చినవానికి సొంతగొంతు అక్కరలేదని చేసినవా రెంచిరి కాబోలు, దరువులు వారు కూర్చినవే, ధ్వనులును వారు కుదిర్చినవే.

జపానునందు ఇకుతారో కాకెహాషి ఈ మార్గమునే పట్టి, ఏస్‌టోన్ సంస్థలో ‘రిథమ్ ఏస్’ పెట్టెలను చేసి, 1972లో రోలాండ్ సంస్థను స్థాపించెను. 1978లో వచ్చిన సి.ఆర్.-78లో వాయించువాడు తన దరువును తానే కూర్చుకొనగలిగెను. 1980లో టి.ఆర్.-808 వచ్చెను. ఆ యేటనే రోజర్ లిన్ అను అమెరికావాసి నిజమైన డ్రమ్ముల ధ్వనులను ముద్రించి దాచిన ఎల్.ఎం.-1 అను పెట్టెను తెచ్చెను. దానిలో ఒక్కొక్క ధ్వనికిని వేరువేరుగ శ్రుతి మార్చుకొను వీలున్నది. కాని వెల 808 వెలకు నాలుగురెట్లకు మించినది. చవుకైన 808లో 16 ధ్వనులున్నను శ్రుతి మార్చు మరలు టామ్‌లకును, వానితో చోటు పంచుకొను కాంగాలకును మాత్రమే దక్కెను. పెద్దడ్రమ్మునకు నాదము నిడివి పెంచవచ్చును గాని శ్రుతి పెంచరాదు. గంటకును, చప్పట్లకును, తాళపుచిప్పలకును చెప్పినది చెప్పుటయే పని. ముఖఫలకముపై ప్రతిమరకును చోటు కావలెను, ప్రతిమరకును వెల కలదు. కావున శ్రుతి అచ్చట వాద్యస్వభావముచేత స్థిరపడలేదు, వర్తకుని లెక్కచేత స్థిరపడెను. 1983 నాటికి సుమారు 12,000 పెట్టెలు చేసి సంస్థ దాని తయారీని మానెను. ఇంతలో 1982లో బొంబాయి సినిమావాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెను ప్రక్కన పెట్టుకొని పది రాగముల నాలపించి రికార్డుచేసెను. ఆనాడు కొనువారు లేని ఆ రికార్డు కొన్ని దశాబ్దముల పిమ్మట పరదేశములలో ఆశ్చర్యమునకు పాత్రమైనది.

పాతబడి చవుకగా దొరకిన ఈ జాతి పెట్టెలను కొనినవారు సాహసించి మూత విప్పిరి. లోపల వారికి కనబడినది చిత్రమైన సంగతి. పెద్దడ్రమ్ము లోపల డ్రమ్ము లేదు, దాని ముద్రయును లేదు. మన రేడియో మెకానిక్కులు కండెన్సర్లనియు రెసిస్టెన్సులనియు పిలుచు చిల్లరసామగ్రి రెండేసి కూడి, ఒక ఆంప్లిఫయరు నానుకొనియున్న చిన్న సర్క్యూటున్నది. దానిని ఒక విద్యుత్‌స్పందము తాకినచో, తట్టిన కంచుగిన్నెవలె అది సెకనుకు సుమారు 50 మారులు ఊగుచు ఊగుచు అణగిపోవును. ఆ ఊపు యొక్క వేగమే శ్రుతి. భూమికి దిగు రెసిస్టెన్సును తీసి ఆ తావున త్రిప్పుటకు వీలైన వాల్యూమ్ కంట్రోలు నమర్చినచో శ్రుతి చేతికి వచ్చును. ఆ యొక్క రెసిస్టెన్సును మార్చినంతమాత్రమున నాదము అణగుటకు పట్టు కాలము మారదు, శ్రుతి మాత్రమే మారును; రెండవ రెసిస్టెన్సును మార్చిన రెండును మారును. ఏ గట్టాను తట్టవలెనో తెలిసిన తబలావానికిని, తెలియనివానికిని ఎంత భేదమో ఇచ్చటను అంత భేదము.

ఇచ్చట నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒక లెక్క. తోలు శ్రుతి రెట్టింపై తారస్థాయి నందుకొనవలెనన్న దాని బిగువు రెట్టింపైన చాలదు, నాలుగురెట్లు కావలెను. బిగువు యొక్క వర్గమూలమును బట్టియే కంపనము నడుచును. ఆ పెట్టెలోని సర్క్యూటునకును వర్గమూలమే ధర్మము: శ్రుతి రెట్టింపు కావలెనన్న ఆ రెసిస్టెన్సును సగము చేసిన చాలదు, నాలుగవవంతు చేయవలెను. మేకతోలునకును రాగితీగెకును ప్రకృతి ఒకే శాసనము వ్రాసిపెట్టినది. అందుచేతనే హద్దులును ఒకటే. తోలు ఓర్చు బిగువునకు మేర కలదు. కనుక డప్పువాడు సెగకు కొంత దూరముననే తోలు నుంచును, లోభించి దగ్గరచేసినచో అది చిట్లును. పెట్టె విప్పినవాడును ఆ వాల్యూమ్ కంట్రోలుతో వరుసగా ఒక చిన్న రెసిస్టెన్సును అతికి, మర కడకంట త్రిప్పినను విలువ సున్న కాకుండ కాపాడుకొనును. ఒకని నేర్పు చేయి దూరముంచుట, మరియొకని నేర్పు కంచె వేయుట.

గంట సంగతి ఇంకను సూక్ష్మము. 808లో గంటధ్వనికి 540, 800 సంఖ్యలుగల రెండు కంపనములు మూలము. వానిని సరిచేయుటకు ‘ప్రీసెట్’లనబడు చిన్నమరలు తొలినుండియు లోపలనే యున్నవి. ఫ్యాక్టరీలో ఒక పనివాడు వానిని ఒకమారు త్రిప్పి మూత బిగించెను. ఆపైన వాయించువానికి అవి యున్నట్లే తెలియదు. శ్రుతికీలు లేకపోలేదు, ఇంటియజమానికి చూపక గోడలో దాచిరన్నమాట. దానిని తీగెలతో ముఖఫలకమునకు తెచ్చుటయే అచ్చట జరుగవలసిన పని. కాని అందొక చిక్కు కలదు. తాళపుచిప్పల ధ్వనులకు మూలమైన ఆరు కంపనములలో ఈ రెండును చేరియున్నవి; గంటకై మర త్రిప్పిన చిప్పల గొంతును మారును. కాలువక్రింద సేద్యముచేయు బోధను రైతునకు ఈ ధర్మమును ఎవరును చెప్పనక్కరలేదు: ఎగువతూ మెత్తిన దిగువచేను ఎండును. ఎవని తూము వానికి వేరుగ కావలెనన్న ఎవని పిల్లకాలువ వానికి వేరుగ త్రవ్వవలెను. అట్లే నిక్కమైన ప్రత్యేకశ్రుతి కావలెనన్న గంటకు సొంత కంపనములను వేరుగ కట్టియీయవలెను. కొందరు అంతకును సాహసించిరి, పెక్కుమంది చిప్పల క్రొత్తగొంతును విని, అదియును బాగున్నదని ఊరకుండిరి. తప్పుగా పుట్టినదానిని చెవి యొప్పుకొన్నచో అది బాణీయగుట సంగీతమునకు క్రొత్త కాదు.

కాలక్రమమున సంస్థలే ఈ హక్కును తిరిగి అమ్మజూపెను. 1985లో రోలాండ్ ‘ఆక్టాప్యాడ్’ వచ్చెను. దాని యెనిమిది పలకలకు సొంతధ్వని లేదు, ఇతరయంత్రములను పలికించుటయే పని. 1998లో వచ్చిన ఎస్.పి.డి.-20లో ధ్వనులును లోపలనే యున్నవి, పలకపలకకును శ్రుతి, నిడివి, తీవ్రత వేరువేరుగ కుదుర్చుకొనవచ్చును. మనదేశమున అది పొందినంత ఆదరణము అరుదు; తెలుగునాట పెండ్లి ఆర్కెస్ట్రాలలో ‘ప్యాడ్స్’ అన్నమాట వాడుకభాషయైనది. ఒక పలకపై ఢోలకు, ఒక పలకపై తబలా, మరియొకదానిపై డప్పు. గాయని గొంతు హెచ్చినచో వ్రేలితో మీట నొక్కి డప్పు శ్రుతిని అరమెట్టు హెచ్చింతురు. గడ్డిమంట అక్కరలేని డప్పు, వానకు సాగని డప్పు చేతికి వచ్చినది. ఊరేగింపులలో ఆ కృత్రిమపుడప్పు పెద్ద స్పీకర్లనుండి మ్రోగుచుండగా, దాని వెనుక నిజమైన డప్పులవారు మౌనముగ నడచుటయు సంభవించుచున్నది. హక్కు తిరిగివచ్చినది కాని, వచ్చినచోటు మాత్రము పోయినచోటు కాదు.

చక్కెరసీమ చరిత్రయు ఇట్టి గుణపాఠమునే చెప్పుచున్నది. 1937నాటి కర్మాగారము 2002లో నూటికి 51 వంతులు ప్రయివేటువారి పాలై, 2015 డిసెంబరులో మూతపడెను. గానుగకడ బెల్లము వండిన రైతునకు పాకము చేతిలోనుండెను: తీగపాకమో, ముదురుపాకమో వ్రేలితో తీసి చూచి మంట తగ్గించెడివాడు. మిల్లు వచ్చినపిమ్మట చెరకు కోతకు వేళ మిల్లుదే, తూకము మిల్లుదే, ధర మిల్లు చెప్పినదే. దానివలన లాభము కలుగలేదని నే ననజాలను. ఆ మిల్లు సీమకు అన్నము పెట్టినది. కాని మర యెవరి చేతిలో నుండునో ఆ మర ఆగుటయు వారి చేతిలోనే యుండును. పెట్టెలో దాగిన ప్రీసెట్టువలె, రైతు బ్రతుకును కుదుర్చు కీలు రైతుకు కనబడని తావున నుండెను.

పెట్టె విప్పినవారి పనిలో చివర మిగులు ఒక చిన్న సంగతిని చెప్పి విరమింతును. క్రొత్తమరకై ముఖఫలకమునకు రంధ్రము చేసి, కడ్డీ దూర్చి, గుండీ తొడిగినపిమ్మట, దాని చుట్టు గీతలుండవు, అంకెలుండవు. సంస్థ బిగించిన మరల చుట్టు అచ్చువేసిన కొలతలుండును. తాను బిగించినదాని చుట్టు వట్టి ఇనుము. పైగా పాతపెట్టెలు వేడెక్కినకొలది లోపలి సామగ్రి విలువలు కొంచెము కదలును. నిన్న గుర్తుపెట్టుకొన్నచోట నేడు అదే శ్రుతి దొరకునన్న నమ్మకము లేదు. కావున అతడు గుండీని కొంచెము త్రిప్పి, ఒకమారు పలికించి, చెవియొగ్గి, మరల త్రిప్పి, మరల పలికించి, ప్రక్కధ్వనితో మాట కలసినదాక అట్లే కూర్చుండవలెను. ఊరపండుగనాడు ముసురులో గడ్డిమంటకడ కూర్చున్నవాని డప్పునకును అంకెలు లేవు.